అద్దాల గదికి మోటార్ బ్లైండ్స్: సీలింగ్ మూయకముందే తేల్చుకోవాల్సినవి

ఇంటి వెనక ఖాళీలో ఒక అద్దాల గది కట్టించుకుంటాం. లేదంటే సిటౌట్‌ను అద్దాలతో మూస్తాం, మిద్దె మీద గ్లాస్ రూమ్ వేయిస్తాం. ఫ్రేములు, అద్దం, ఫాల్స్ సీలింగ్, పెయింటు అన్నీ అయిపోయాక మొదటి ఎండాకాలం వస్తుంది. మధ్యాహ్నం మూడింటికి సోఫా మీద చెయ్యి పెట్టలేని పరిస్థితి వచ్చాక బ్లైండ్స్, అంటే పైకి చుట్టుకునే తెరలు, గుర్తొస్తాయి. అప్పటికి సీలింగ్‌లో బ్లైండ్ దాక్కునే చోటుండదు, మోటారు దగ్గరికి కరెంటు పైపుండదు, మేకు దిగేందుకు వెనక గట్టి ఆధారం ఉండదు. చివరికి గోడ మీద ప్లాస్టిక్ పట్టీలో వైరు లాగి, కనబడే రోలర్‌తో సర్దుకోవాల్సి వస్తుంది.

కాబట్టి అద్దానికి ఆర్డర్ ఇచ్చే వారంలోనే బ్లైండ్స్ సంగతీ తేలిపోవాలి. ఇక్కడ ఉదాహరణగా హైదరాబాద్‌లో పడమటి ముఖంగా 14 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తున్న అద్దపు గోడను పట్టుకుందాం. పైన కొంత భాగం అద్దపు కప్పు ఉందనుకుందాం. మీ కొలతలు వేరైనా లెక్క ఇదే.

1. ఎండ ఎటునుంచి వస్తుందో రాసుకోండి

ఫోన్‌లో దిక్సూచి పెట్టుకుని ఒక్కో అద్దం ఏ దిక్కుకు ఉందో కాగితం మీద గీయండి. మన దగ్గర సూర్యుడి తీరు వేరు. హైదరాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే నెల మొదటి పదిహేను రోజుల్లో ఒకసారి, ఆగస్టు మొదటి వారం దరిదాపుల్లో మరోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రోజుల్లో మొదటి శత్రువు పైకప్పు అద్దమే. ఆ మధ్య నెలల్లో సూర్యుడు కాస్త ఉత్తరానికి జరుగుతాడు కాబట్టి జూన్‌లో ఉత్తరపు అద్దానికి కూడా పొద్దునా సాయంత్రం ఏటవాలు ఎండ తగులుతుంది. డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దక్షిణపు అద్దం గుండా ఎండ గది లోపలి దాకా పాకేది అప్పుడే, అయితే ఆ ఎండ చలికాలంలో హాయిగానే ఉంటుంది.

పడమర సంగతి వేరే. నాలుగు దాటాక ఎండ అడ్డంగా వస్తుంది, ఎంత సన్‌షేడ్ వేసినా ఆగదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారే, ఆ రోజుల సాయంత్రం పడమటి అద్దం దగ్గర నిలబడితే ఆ మాట తెలుస్తుంది. డబ్బు పరిమితంగా ఉంటే ఖర్చు వరస ఇలా పెట్టుకోండి: ముందు కప్పు, తర్వాత పడమర, ఆ తర్వాత తూర్పు. దక్షిణం, ఉత్తరం చివర. కాస్త ఆగి కూడా వేసుకోవచ్చు, కానీ వైరింగ్ మాత్రం అన్నిటికీ ఇప్పుడే.

2. బ్లైండ్ అద్దానికి లోపలా, బయటా?

మొత్తం ప్లాన్‌లో ఇంతకంటే పెద్ద నిర్ణయం లేదు. లోపల కట్టిన బ్లైండ్ వెలుతురును ఆపుతుంది, కళ్లకు హాయినిస్తుంది. వేడిని మాత్రం అంతగా ఆపలేదు. ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసింది, బట్ట దాన్ని పీల్చుకుని తనే వేడెక్కి గదిలోకి వదులుతుంది. లేత రంగు బట్టైతే కొంత వెలుగును తిరిగి అద్దం గుండా బయటికి తిప్పికొడుతుంది, అంతవరకే లాభం. అదే అద్దానికి బయట జిప్ స్క్రీన్ వేస్తే ఎండ అద్దాన్ని తాకకముందే ఆగిపోతుంది, బట్ట వేడి బయటి గాలికే పోతుంది. ఏసీ మీద భారం తగ్గాలన్నది మీ కోరికైతే పడమరకు, కప్పుకు బయటి స్క్రీనే వేయండి.

జిప్ స్క్రీన్ అంటే బట్ట రెండు అంచులకూ జిప్పు పళ్లు కుట్టి, పక్కనున్న అల్యూమినియం గైడ్‌లో నడిచే రకం. గాలికి బట్ట గైడ్ వదలదు, పక్కల వెలుతురు కారదు. అలాగని ఎంత గాలికైనా తట్టుకుంటుందని కాదు. వెడల్పు పెరిగేకొద్దీ తట్టుకునే గాలి వేగం తగ్గుతుంది. మీ సైజుకు ఎంత గాలి వరకు ఓర్చుకుంటుందో కొటేషన్ మీద రాయించుకోండి.

బయట వేసేటప్పుడు రెండు విషయాలు మర్చిపోకండి. తలుపు బయటికి తెరుచుకునేదైతే స్క్రీన్ దానికి అడ్డం. గదికున్న ఒకే ఒక్క తలుపు మీదుగా స్క్రీన్ దిగితే కరెంటు పోయినప్పుడు లోపలే చిక్కుకుంటారు. ఆ తలుపున్న భాగాన్ని విడి బ్లైండ్‌గా చేసి, చేత్తో తిప్పే హ్యాండిల్ ఉన్న మోటారు పెట్టించండి. ఇక హైదరాబాద్‌లో పావురాలు. తెరిచి ఉన్న రోలర్ కనబడితే గూడు కట్టేస్తాయి. కాబట్టి నాలుగు వైపులా మూసిన కేసెట్ (రోలర్ దాక్కునే పెట్టె) ఉన్న రకమే తీసుకోండి. కోతులు తిరిగే చోటైతే గాలి సెన్సర్‌ను, అంటే గాలి ఎక్కువైతే స్క్రీన్‌ను పైకి లేపే పరికరాన్ని, వాటి చెయ్యి అందని చోట బిగించాలి, దాని మీద తిరిగే గిన్నెలంటే వాటికి మహా సరదా.

3. పైకప్పు అద్దం

నిలువు గోడకు వేసే మామూలు రోలర్‌ను కప్పుకు వేస్తే మధ్యలో బట్ట ఊయలలా జారుతుంది. కప్పుకు వేరే వ్యవస్థ కావాలి: ఒక చివర మోటారు, రెండో చివర స్ప్రింగ్ లేదా ఇంకో మోటారు ఉండి బట్టను ఎప్పుడూ బిగువుగా లాగి పట్టే రోలర్ రకం, లేదా తీగల మీద నడిచే మడతల బ్లైండ్. మడతల రకం తేలిక, చిన్న కప్పులకు సరిపోతుంది. అయితే పూర్తిగా ముడిచినా మడతల కట్ట ఒక చివర కొంత అద్దాన్ని ఎప్పటికీ కప్పే ఉంచుతుంది.

కప్పుకు లోపలి బ్లైండ్ వేస్తే బట్టకూ అద్దానికీ మధ్య వేడిగాలి చిక్కుకుంటుంది. ఆ వేడి పోవడానికి ఎత్తైన చివర జాలీ గానీ తెరిచే కిటికీ గానీ ఉండాలి. లేకపోతే బట్ట రంగు మారుతుంది, జిగురు అతుకులు ఊడతాయి, అక్కడ బ్యాటరీ మోటారు పెడితే బ్యాటరీ త్వరగా చస్తుంది. బయటి రకం వేసేవాళ్లు కప్పు వాలు చూసుకోండి. వాలు తక్కువైతే వానలో బట్ట మీద నీళ్లు నిలిచి, ఆ బరువుకు బట్ట సాగుతుంది. దానికి వాన సెన్సర్ తప్పనిసరి.

4. బట్ట ఎంపిక

స్క్రీన్ బట్టను ఓపెన్‌నెస్ శాతంతో చెబుతారు, అంటే నేతలో ఖాళీ రంధ్రాలు ఎంత అన్నది. 1, 3, 5, 10 శాతాలు దొరుకుతాయి. పడమరకు 3, తూర్పుకూ ఉత్తరానికీ 5 పెట్టండి. 10 శాతం బట్ట చూడ్డానికి బాగుంటుంది గానీ సాయంత్రపు ఎండకు కళ్లు చికిలించాల్సిందే. రంగులో చాలామంది పొరబడతారు. ముదురు రంగు స్క్రీన్ గుండా బయటి చెట్టు స్పష్టంగా కనిపిస్తుంది, తెల్ల స్క్రీన్ ఎండలో మెరిసి బయటి దృశ్యాన్ని మసకబారుస్తుంది. కానీ వేడిని తిప్పికొట్టేది లేత రంగే. కాబట్టి లోపలి బ్లైండ్‌కు అద్దం వైపు లేతగా, గది వైపు ముదురుగా ఉండే రెండు ముఖాల బట్ట అడగండి. బయటి స్క్రీన్‌కు ముదురు రంగైనా ఇబ్బంది లేదు.

షాపులో చేతిలో పట్టుకుని బట్ట ఎంచుకోకండి. కనీసం ఏ4 కాగితమంత ముక్క తెచ్చుకుని సాయంత్రం నాలుగున్నరకు ఆ అద్దానికే టేపుతో అంటించి చూడండి. అదే ముక్కను రాత్రి లైటు వేసి, బయటికి వెళ్లి చూడండి. పగలు బయటివాళ్లకు మీరు కనబడరు, రాత్రి లైటు వేస్తే స్క్రీన్ గుండా ఆకారాలు తెలిసిపోతాయి. ఎదురింటి కిటికీ దగ్గరగా ఉంటే రెండో వరసలో బ్లాకౌట్ (వెలుతురు అసలు దూరని బట్ట) కూడా కావాలి. ఆ సంగతి ఇప్పుడే తేలాలి, ఎందుకంటే పెల్మెట్ (బ్లైండ్ దాక్కునే సీలింగ్ జేబు) వెడల్పు దాన్నిబట్టే ఉంటుంది.

అద్దం మామూలుదైతే, అంటే టఫెన్ (వేడి చేసి గట్టిపరచడం) చేయనిదైతే, ముదురు బ్లాకౌట్ బట్టను దానికి ఆనించి వేయకండి. అద్దం మధ్య భాగం బాగా వేడెక్కి, ఫ్రేములో దాగిన అంచు చల్లగా ఉండిపోతుంది. ఆ తేడాకు అంచు నుంచి పగులు పుడుతుంది. బట్టకూ అద్దానికీ కనీసం 50 మి.మీ. ఖాళీ, పైనా కిందా గాలి ఆడే సందు ఉంచండి. టఫెన్డ్ అద్దానికి ఈ భయం చాలా తక్కువ. నెత్తి మీది అద్దం మాత్రం లామినేటెడ్ (మధ్యలో పొర పెట్టి అతికించిన జంట అద్దం) అయి తీరాలి, బ్లైండ్ ఉన్నా లేకున్నా.

5. ఎన్ని బ్లైండ్లు, సందులెక్కడ

14 అడుగులంటే 4267 మి.మీ. ఒకే బ్లైండ్‌గా వేస్తే బట్ట చుట్టుకునే ట్యూబు మధ్యలో వంగి, బట్టలో వీ ఆకారపు ముడతలొస్తాయి. మూడు భాగాలు చేస్తే ఒక్కోటి సుమారు 1420 మి.మీ. లోపలి రోలర్‌లో మోటారు వైపు దాదాపు 20, రెండో వైపు 15 మి.మీ. బట్ట లేకుండా పోతుంది. అంటే పక్కపక్క బ్లైండ్ల మధ్య 35 మి.మీ. వెలుతురు గీత. ఆ గీత అద్దం మధ్యలో పడితే సాయంత్రం కత్తిలా కంట్లో గుచ్చుతుంది, ఫ్రేము నిలువు కమ్మీ మీద పడితే కనబడనే కనబడదు. అందుకే అద్దం పంపకాన్నీ బ్లైండ్ల పంపకాన్నీ ఒకే డ్రాయింగ్ మీద గీయించాలి. అల్యూమినియం ఫ్యాబ్రికేటర్ తనకు తోచినట్టు కమ్మీలు కొట్టేశాక మార్చలేం.

మూడు ట్యూబులనూ కప్లింగ్‌తో జోడించి ఒకే మోటారుతో తిప్పొచ్చు, రెండు మోటార్ల ఖర్చు మిగులుతుంది. కానీ మూడూ కలిసే దిగుతాయి, కలిసే లేస్తాయి. తలుపున్న గోడకు ఇది పనికిరాదు.

6. పెల్మెట్ జేబు

మొత్తం చుట్టుకున్నాక రోలర్ ఎంత లావవుతుందో లెక్క కట్టొచ్చు. ట్యూబు 50 మి.మీ., బట్ట మందం 0.6 మి.మీ., పొడవు 3000 మి.మీ. అనుకోండి. 4 × 0.6 × 3000ను 3.14తో భాగిస్తే సుమారు 2290. దానికి 50 × 50 అంటే 2500 కలిపితే 4790. దాని వర్గమూలం దాదాపు 69. అంటే 70 మి.మీ. లావు చుట్ట. ముందూ వెనకా 20 చొప్పున వదిలితే 110 మి.మీ. వెడల్పు కనీసం, బ్రాకెట్ కలిపి 120 మి.మీ. లోతు. పనివాడి చెయ్యి దూరాలి కాబట్టి 150 × 150 వదిలించండి. స్క్రీన్, బ్లాకౌట్ రెండూ ఉంటే వెడల్పు 220 దాకా కావాలి.

బ్రాకెట్‌ను జిప్సం బోర్డుకు కొట్టకూడదు. బరువు తక్కువే అయినా మోటారు ఆగీ కదిలే కుదుపుకు స్క్రూ వదులైపోతుంది. బోర్డు మూయకముందు ఆ వరసంతా 18 మి.మీ. ప్లైవుడ్ పట్టీ గానీ ఇనుప చదరపు పైపు గానీ స్లాబుకు యాంకర్ చేయించండి. జేబు అడుగు పలక స్క్రూలతో ఊడొచ్చేలా ఉండాలి. పీఓపీతో శాశ్వతంగా మూసేస్తే మోటారు మార్చే రోజు సీలింగే పగలగొట్టాలి.

ఏసీ ఇండోర్ యూనిట్ ఎక్కడో కూడా ఇదే డ్రాయింగ్‌లో చూడండి. దాని గాలి సూటిగా బట్ట మీదికొస్తే బట్ట కింది అంచున ఉండే బార్ రాత్రంతా అద్దాన్ని టకటకా కొడుతూనే ఉంటుంది. స్లైడింగ్ తలుపు హ్యాండిల్ లోపలికి ఎంత పొడుచుకొస్తుందో కొలవండి. 50 మి.మీ. ఉంటే బట్ట దానికి ఇంకా 20 ఇవతల వేలాడాలి.

7. మోటారు, ట్యూబు

మోటారు బలాన్ని న్యూటన్ మీటర్లలో (ఎన్ఎం) చెబుతారు. మన 1.4 మీటర్ల బ్లైండ్‌ను చూద్దాం. బట్ట 1.4 × 3 అంటే 4.2 చదరపు మీటర్లు, చదరపు మీటరుకు 450 గ్రాముల చొప్పున 1.9 కిలోలు. కింది బార్ 0.8 కిలో. మొత్తం 2.7 కిలోలు. చుట్ట సగం లావు 0.034 మీటరు. 2.7 × 9.8 × 0.034 అంటే 0.9. రాపిడికి మూడో వంతు కలిపితే 1.2 న్యూటన్ మీటర్లు. 3 లేదా 6 ఎన్ఎం మోటారు దీనికి ధారాళం. లోపలి బ్లైండ్‌కు ఎక్కువ శక్తి మోటారు అంటూ ఎవరైనా ధర పెంచితే ఈ లెక్క ముందు పెట్టండి. నిజంగా చూడాల్సింది ట్యూబు. 1.8 మీటర్ల వరకు 38 మి.మీ., 2.4 దాకా 50 మి.మీ., ఆపైన ఇంకా లావుది. జిప్ స్క్రీన్‌లో మాత్రం కింది బార్ బరువు, గైడ్ రాపిడి ఎక్కువ కాబట్టి 15 ఎన్ఎం, అంతకు పైన మోటార్లు న్యాయమే.

బ్యాటరీ మోటారు వైరింగ్ లేని పాత గదికి వరం. కొత్తగా కట్టే అద్దాల గదికి వైరు మోటారే పెట్టండి. నెలలకోసారి నిచ్చెనెక్కి ఛార్జింగ్ పెట్టడం ఒక బాధ, వేడికి లిథియం సెల్ నీరసించడం ఇంకో బాధ. 45 డిగ్రీలు దాటిన వేడిలో దాన్ని ఛార్జ్ చేయడం మంచిది కాదు, మేలో కప్పు కింద అంత వేడి ఉండడం వింతేమీ కాదు.

8. కరెంటు

ప్రతి మోటారు తల (వైరు బయటికొచ్చే చివర) దగ్గరికీ 20 మి.మీ. పైపు రావాలి. తల కుడివైపా ఎడమవైపా అన్నది ముందే నిర్ణయించి ఎలక్ట్రీషియన్‌కు గోడ మీద చాక్‌తో గీసి చూపండి, తర్వాత ఫోటో తీసుకోండి. రిమోట్ మోటారుకు ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడు తీగలు చాలు. గోడ స్విచ్‌తో నడిచే మోటారుకు పైకి, కిందికి, న్యూట్రల్, ఎర్త్ నాలుగు కావాలి. రేపు మనసు మారొచ్చు కాబట్టి నాలుగు తీగలూ లాగించండి, 1.5 చదరపు మి.మీ. సరిపోతుంది. బ్లైండ్స్ అన్నిటికీ విడిగా ఒక 6 ఆంప్ ఎంసీబీ (కరెంటు మితిమీరితే పడిపోయే బ్రేకర్), బయటి స్క్రీన్లుంటే 30 మిల్లీ ఆంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్) పెట్టాలి.

మోటారు కాల్చేసే తప్పులు రెండున్నాయి. మొదటిది, గోడ స్విచ్‌తో నడిచే రెండు మామూలు మోటార్లను ఒకే స్విచ్‌కు కలపడం. ఒకటి ముందుగా లిమిట్ (బ్లైండ్ ఆగాల్సిన చోటు) చేరి ఆగితే, నడుస్తున్న రెండో దాని వైండింగ్ గుండా కరెంటు తిరిగి దీనిలోకి వస్తుంది. ఆగిన మోటారు కొట్టుకుంటుంది, లిమిట్ స్విచ్ పోతుంది. గ్రూపుగా నడపాలంటే మధ్యలో రిలే (ఒక్కో మోటారుకు కరెంటు విడిగా పంపే స్విచ్) పెట్టాలి. రెండోది, పైకీ కిందికీ విడివిడిగా రెండు మామూలు లైటు స్విచ్‌లు పెట్టడం. పిల్లలు రెండూ ఒకేసారి నొక్కితే మోటారు గతి అంతే. ఒకటి నొక్కితే రెండోది పనిచేయని ఇంటర్‌లాక్ స్విచ్చే వాడాలి.

బయటి స్క్రీన్లను ఇన్వర్టర్ లైన్ మీద పెట్టండి. ఎండాకాలం సాయంత్రం గాలివాన లేచిందంటే మన దగ్గర ముందు పోయేది కరెంటే, స్క్రీన్ పైకి లేవాల్సింది కూడా అప్పుడే. గాలి సెన్సర్ ఉన్నా కరెంటు లేకపోతే అది చేసేదేమీ లేదు. ఇన్వర్టర్ సైన్‌వేవ్ రకమై ఉండాలి. స్క్వేర్‌వేవ్ మీద మోటారు గుయ్యిమంటుంది, వేడెక్కుతుంది. బయటి జంక్షన్ బాక్సు ఐపీ 65 (దుమ్ము, నీటి చిమ్ములు దూరని రకం), వైరు బాక్సులోకి వెళ్లేముందు కిందికి ఒక వంపు తిరగాలి, వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో స్క్రూలు 316 గ్రేడ్ స్టీలువే వాడించండి.

వైఫైతో నడపాలనుకుంటే మెటల్ పూత ఉన్న రిఫ్లెక్టివ్ అద్దం సిగ్నల్‌ను తగ్గిస్తుందని గుర్తుంచుకోండి. హబ్ (ఫోన్‌నూ మోటార్లనూ కలిపే పెట్టె) ఆ గదిలోనే ఉండేలా ఒక ప్లగ్ పాయింట్ వదలండి.

9. కొలతలు

పెయింటు, ఫ్లోరింగ్ అయ్యాకే చివరి కొలత. వెడల్పు పైన, మధ్యలో, కింద మూడు చోట్ల తీసి చిన్నదాన్ని రాయండి. ఎత్తు ఎడమ, మధ్య, కుడి తీసి పెద్దదాన్ని రాయండి. రెండు మూలల అడ్డకొలతలూ చూడండి, 10 మి.మీ. కంటే తేడా ఉంటే ఫ్రేము మూలమట్టంలో లేదు. ఇచ్చిన కొలత ఖాళీదా, బ్రాకెట్ నుంచి బ్రాకెట్‌కా, బట్టదా అన్నది ప్రతి అంకె పక్కనా రాయాలి.

అంతా మిల్లీమీటర్లలోనే. 8 అడుగుల 3 అంగుళాలు అంటే 2515 మి.మీ. దాన్నే ఎవరో 8.3 అడుగులని రాసుకుంటే 2530 అవుతుంది. ఆ 15 మి.మీ.తో బ్లైండ్ జేబులో పట్టదు. కోసిన ట్యూబును పొడిగించలేం, కేసెట్‌ను వెనక్కి తీసుకోరు.

కొటేషన్‌లో బట్ట చదరపు అడుగు లెక్కన, మోటారు, రిమోట్, హబ్, బిగింపు విడివిడిగా ఉండాలి. కనీస చదరపు అడుగుల బిల్లింగ్ ఉందా, వారంటీ కాలంలో మోటారు పోతే విప్పి బిగించే కూలీ ఎవరిదని అడగండి.

10. బిగించే రోజు

ముందు బ్రాకెట్లను రసమట్టం పెట్టి చూడండి. 2 మి.మీ. వాలున్నా మూడు మీటర్ల బట్ట ఒక పక్కకు జరుగుతూ అంచు నలుగుతుంది. మట్టం సరిగ్గా ఉన్నా జరుగుతుంటే, బట్ట ఎటు జరుగుతుందో దానికి ఎదురు చివర ట్యూబు మీద ఒక టేపు ముక్క అంటించాలి. బట్ట లావైన వైపుకే నడుస్తుంది.

లిమిట్లు పెట్టేటప్పుడు మోటారును పదే పదే తిప్పితే ఉన్నట్టుండి ఆగిపోతుంది. అది పాడవడం కాదు. ఈ మోటార్లు సాధారణంగా వరసగా 4 నిమిషాలు తిరగడానికే తయారైనవి, వేడెక్కితే లోపలి కటౌట్ ఆపేస్తుంది. ఇరవై నిమిషాలు వదిలేయండి. పనివాళ్లు వెళ్లకముందు మీ చేత్తో మూడుసార్లు పైకీ కిందికీ నడిపి, కింది బార్లు మూడూ ఒకే గీతలో ఆగుతున్నాయా అని కింద కూర్చుని చూడండి. ఒక వారం వేలాడాక బట్ట కాస్త సాగుతుంది, కింది లిమిట్ మళ్లీ సరిచేయాలి. ఆ రెండో రాక ఉచితమేనని ముందే ఒప్పించుకోండి.

మెయింటెనెన్స్ పెద్దగా లేదు. జిప్ గైడ్లను నెలకోసారి మెత్తటి బ్రష్‌తో దులపండి, ఆయిల్ వేయకండి, దుమ్ము పట్టి ముద్దవుతుంది. తడిసిన స్క్రీన్‌ను చుట్టేయాల్సి వస్తే మరుసటి రోజు ఎండలో దించి ఆరనివ్వండి, లేకపోతే బూజు మచ్చలు పోవు. మోటారు మోడల్, బట్ట కోడ్, రిమోట్ ఛానెల్ నంబర్లు ఒక కాగితం మీద రాసి డీబీ బాక్సు (ఎంసీబీలుండే పెట్టె) తలుపుకు లోపలి వైపు అంటించండి.